సంతకం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి

(ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల స్వచ్ఛంద సంస్థల కార్యవర్గ సభ్యులు, కో-ఆర్డినేటర్లు, అకౌంటెంట్లు కూడిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. అమ్రాబాద్ దిక్కు నుంచి, గట్టు దిక్కు నుంచి పొద్దుగాలే బస్సెక్కి వచ్చినోళ్లు ఉన్నరు. కాబట్టి సూటిగా పనిలోకి పోదాం.

సంస్థ నిర్మాణం మార్చాలె అనంగనే మనం మొదట ఏం చేస్తం? చార్టు పేపరు తీసుకొని డబ్బాలు గీస్తం. పైన అధ్యక్షులు, కింద కార్యదర్శి, ఆ కింద డైరెక్టరు, ప్రాజెక్టు కో-ఆర్డినేటర్లు, అట్టడుగున ఊరి కార్యకర్త. గీతలు కలుపుతం, గోడకు అంటిస్తం. ఆరు నెలలైనంక చూస్తే చార్టు కొత్తది, పని పాతది. ఎందుకట్ల? ఎవరి కింద ఎవరో రాసినం గని, ఏ నిర్ణయం ఎవరిదో రాయలే. అదే రాయలే.

అందుకే ఇయ్యాల చార్టు పక్కన పెట్టండి. పోయిన నెల వోచర్లు ఒక ఇరవై, లోపలికి వచ్చిన దరఖాస్తులు, ఉత్తరాలు ఒక ఇరవై ముందు పెట్టుకోండి. ఒక కాగితం మీద ఐదు గడులు గీయండి. ఏం కావాలని అడిగిన్రు, ఎవరు అడిగిన్రు, ఆఖరి సంతకం ఎవరిది, అడిగిన రోజు నుంచి సంతకం అయిన రోజు దాంక ఎన్ని దినాలు, ఆ దినాల్లో అక్కడ ఏం ఆగింది. ఐదో గడి మర్చిపోవద్దు. మనకు కావాల్సింది అదే.

ఉదాహరణకు అచ్చంపేట దగ్గర మీ బ్రిడ్జి స్కూల్లో, అంటే బడి మానేసిన పిల్లలను మల్ల బడికి తయారు చేసే చోట, బోరు మోటరు కాలింది అనుకోండి. రివైండింగుకు 3,500 రూపాయలు. సెంటర్ ఇన్‌ఛార్జి ఏరియా కో-ఆర్డినేటరుకు ఫోను చేస్తది. ఆయన నోట్ పెట్టమంటడు. నోటు హెడ్డాఫీసుకు పోతది. అకౌంటెంటు మూడు కొటేషన్లు అడుగుతడు. డైరెక్టరు సారు హైదరాబాద్ మీటింగులో ఉన్నడు. సారు వచ్చి సంతకం పెట్టేసరికి తొమ్మిదో రోజు. ఆ తొమ్మిది రోజులు నలభై మంది పిల్లలకు నీళ్లు ఎక్కడివి? ఇన్‌ఛార్జి తన జేబులకెల్లి ట్యాంకరు తెప్పించింది. ఆ పైసలకు బిల్లు లేదు కాబట్టి ఆమెకు మల్ల రావు. ఇక్కడ తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. అందరూ నియమం ప్రకారమే నడిచిన్రు. నియమమే అట్ల ఉన్నది. సంతకం నీళ్ల దగ్గర లేదు, దూరంగా ఉన్నది.

ఇరవై వోచర్లలో పద్దెనిమిదింటి మీద ఆఖరి సంతకం ఒక్కరిదే ఉంటే, మీ చార్టులో ఎన్ని డబ్బాలున్నా సంస్థ ఆ ఒక్క మనిషే. ఆ మనిషి చెడ్డోడని కాదు. ఒకప్పుడు ఎవరో అడ్వాన్సు తీసుకొని లెక్క చెప్పకుండ పోయి ఉంటడు, అప్పటి నుంచి అన్నీ తన దగ్గరికే రావాలని పెట్టుకున్నడు. భయంతోని పుట్టిన నియమం అది. మనం ఆ భయానికి వేరే జవాబు చూపించాలె.

అయితే సంతకాల కన్నా ముందు ఒక ప్రశ్న ఉన్నది. పని ఏంది? పని మారింది, సంస్థ మారలే. మన జిల్లాల్లో ఇది చాలా గట్టిగ కనబడతది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల్లో ఏండ్ల తరబడి ఫ్లోరైడు మీద పనిచేసిన సంఘాలు ఉన్నయి. అప్పటి పని ఏంది? నీళ్లు పరీక్ష చేయాలె. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు తాగొద్దని చెప్పాలె, ఫిల్టర్లు పెట్టాలె, పటిక, సున్నంతోని నీళ్లు శుద్ధి చేసే పద్ధతి నేర్పాలె. ఆ పద్ధతికి దేశమంతా నల్లగొండ పేరే పెట్టుకున్నది కదా. దానికి తగ్గట్టు టెక్నీషియన్లు, ఫిల్టర్ మెకానిక్కు, స్టోరు, స్టోరుకు ఒక ఇన్‌ఛార్జి. ఇప్పుడు మిషన్ భగీరథ కింద నల్లా నీళ్లు వస్తున్నయి. మరి ఇప్పుడు పని ఏంది? ఎముకలు వంగిపోయినోళ్లు ఉన్నరు. ఆ వంకర మందుతోని పోయేది కాదు. వాళ్లకు పింఛను, వైకల్యం సర్టిఫికెటు, నడవనీకి సాయం, ఇంట్లో చూసుకునే మనిషికి ఆసరా కావాలె. నల్లా నీళ్లు రాని రోజు జనం మల్ల ఏ బోరు నీళ్లు తాగుతున్నరో కనిపెట్టి ఉండాలె. ఈ పనికి మెకానిక్కు కన్నా ఇంటింటికి పోయే ఆరోగ్య కార్యకర్త ముఖ్యం. స్టోరు అక్కర లేదు. కాని స్టోరు ఉన్నది, ఇన్‌ఛార్జి ఉన్నడు. ఉన్నోళ్ల కోసం పని వెతుకుతున్నం. అది తలకిందుల లెక్క.

పాలమూరు దిక్కు ఇంకొక సంగతి. వలస. మనోళ్లు ఎప్పుడు పోతరు? దసరా, దీపావళి దాటినంక గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పోతరు. మిరుగు నాటికి తిరిగొస్తరు. అంటే పని బరువంతా నవంబరు నుంచి మే దాంక. పిల్లలను ఆపుకోవాలె, హాస్టలు నడపాలె, ముసలోళ్లను చూసుకోవాలె. మన బడ్జెట్ సంవత్సరం ఏంది? ఏప్రిల్ నుంచి మార్చి. సరిగ్గ నడిమిట్ల, మార్చి 31న, ప్రాజెక్టు అయిపోతది. కొత్త మంజూరు వచ్చేసరికి జూన్. హాస్టల్లో పిల్లలున్న ఏప్రిల్, మే నెలల్లోనే వంటమనిషికి జీతం ఉండదు. దీనికి చార్టులో మందు లేదు. ఒప్పందంలో ఉన్నది. ప్రాజెక్టు కాలం జూలై నుంచి జూన్ అని అడగండి, చాలామంది దాతలు ఒప్పుకుంటరు. ఒప్పుకోకుంటే సంస్థ సొంత నిధిలో మూడు నెలల జీతాలకు సరిపడ పక్కన పెట్టండి. దాన్ని ఎప్పుడు ముట్టొచ్చు, ఎవరి తీర్మానంతోని ముట్టొచ్చు అనేది కూడ రాసి పెట్టుకోండి. రాయకుంటే ఆ నిధి జీపు రిపేర్లకు పోతది.

ఇగ ప్రాజెక్టుల వారీ నిర్మాణం గురించి. ఇక్కడ జర నిలబడి చూద్దాం, ఎందుకంటె ఎక్కువ నష్టం ఇక్కడే. ఒక తండాకు మీ సంస్థ నుంచి సోమవారం చదువు ప్రాజెక్టు మనిషి పోతడు. బుధవారం పొదుపు సంఘాల మేడం, శుక్రవారం ఆరోగ్యం, మల్ల వారం నీళ్ల కమిటీ. నలుగురు, నాలుగు బండ్లు, నాలుగు టీఏ బిల్లులు. తండాలో ఎవరినన్న అడగండి, మీ ఊరికి సంస్థ మనిషి ఎవరని. నలుగురి పేర్లు చెప్తరు, లేకుంటే ఒక్కరిదీ చెప్పరు. 2018 పంచాయతీరాజ్ చట్టంతోని 500 జనాభా దాటిన తండాలు పంచాయతీలైనయి. తండాకు సర్పంచ్ వచ్చిన్రు, కార్యదర్శి వచ్చిన్రు. వాళ్లతోని మాట్లాడేటందుకు మన తరఫున ఒక్క మనిషి లేడు.

మార్పు ఏందంటే ఊరిని బట్టి మనిషిని పెట్టడం. ఎనిమిది నుంచి పన్నెండు ఊర్లకు ఒక కార్యకర్త. ఆ ఊర్లలో సంస్థ చేసే ఏ పనైనా మొదట ఆమె చేతిలోకెల్లి పోవాలె. చదువు, ఆరోగ్యం తెలిసిన నిపుణులు వెనక ఉండి ఆమెకు నేర్పుతరు, క్లిష్టమైన కేసు వస్తే పోతరు. వినటానికి మంచిగుంటది. ఎక్కడ చెడిపోతది? మూడు చోట్ల.

ఒకటి, ఇద్దరు పైవాళ్లు. ఏరియా కో-ఆర్డినేటరు సర్వే చెయ్యమంటడు, చదువు నిపుణురాలు బడి కమిటీ పెట్టమంటది. ఒకటే రోజు. కార్యకర్త ఎవరి మాట వినాలె? ముందే రాసుకోండి: ఏ రోజు ఏ ఊరు, ఏ పని అనేది కో-ఆర్డినేటరు చెప్తడు, పని ఎట్ల చెయ్యాలె అనేది నిపుణురాలు చెప్తది, సెలవు కో-ఆర్డినేటరే ఇస్తడు. కొట్లాట వస్తే రెండు రోజుల్లో డైరెక్టరు తేలుస్తడు. నాలుగు వాక్యాలు. ఈ నాలుగు వాక్యాలు లేక ఏడాది పాటు గొడవపడ్డ జట్లు ఉన్నయి.

రెండు, జీతం ఏ లెక్కలో రాయాలె? కార్యకర్తకు 15,000 జీతం అనుకుందాం. చదువు ప్రాజెక్టు నూటికి 60 వంతులు, నీళ్ల ప్రాజెక్టు 40 వంతులు ఇస్తదని ముందే ఇద్దరు దాతల ఒప్పందంలో రాయించుకోండి. 9,000, 6,000. నెలకు ఒక టైంషీటు, ఏ రోజు ఏ పని అని. గంటలు అక్కర లేదు, పూట చాలు. ఆమె రాయాలె, కో-ఆర్డినేటరు సంతకం పెట్టాలె. నెలాఖరుకు ఆఫీసులో అందరివీ ఒకటే చేతిరాతతోని నింపితే ఆడిటరుకు చూడంగనే తెలిసిపోతది. ఇగ విదేశీ నిధులు ఉంటే ఇంకొక జాగ్రత్త. ఆ ఖాతా వేరు, క్యాష్ బుక్కు వేరు, వోచరు ఫైలు వేరు. జీతం ఆగిందని ఎఫ్‌సీ ఖాతాలకెల్లి, అంటే ఆ విదేశీ నిధుల ఖాతాలకెల్లి, తీసి లోకల్ ఖాతాలో వేసి, తర్వాత సర్దుదామనుకోవద్దు. సర్దినా సరే అది కలిపినట్టే లెక్క. నెలకు ఆ జీతాన్ని రెండు ఖాతాల నుంచి రెండు ముక్కలుగ నేరుగా ఆమె ఖాతాకు వేయండి, తలనొప్పి పోతది.

మూడు, నియామక పత్రం. ఫలాన ప్రాజెక్టు కార్యకర్తగ అని రాస్తున్నం. సంస్థ కార్యకర్తగ, ఫలాన క్లస్టరుకు, అంటే ఫలాన ఊర్ల గుంపుకు, అని రాయండి. మొదటి మాట మార్చకుండ నిర్మాణం మార్చలేరు.

జిల్లాల సంగతి తొందరగ చెప్త. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినయి. నల్లగొండ మూడైంది. మహబూబ్‌నగర్‌లకెల్లి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగుళాంబ గద్వాల, 2019లో నారాయణపేట కూడ విడిపోయినయి. మన సంస్థల్లో చాలా వాటికి ఇప్పటికీ పాత జిల్లా యూనిట్లే. నారాయణపేట కలెక్టరాఫీసులో మీటింగంటే పాలమూరు నుంచి జిల్లా ఇన్‌ఛార్జి పోవాలె, ఎందుకంటె మాట్లాడే అధికారం ఆయనకే ఉన్నది. ప్రతి కొత్త జిల్లాకు ఆఫీసు తెరవమంటలేను, కిరాయిలు తడిసి మోపెడైతయి. ఆ జిల్లాలో పనిచేసే సీనియర్ కార్యకర్తకు కార్యవర్గ తీర్మానంతోని ఒక అధికార పత్రం ఇవ్వండి. జిల్లా మీటింగులకు పోవచ్చు, దరఖాస్తుల మీద సంతకం పెట్టొచ్చు, కొత్త ఒప్పందం మీద మాత్రం పెట్టొద్దు. ఒక్క పేజీ. ఖర్చు లేదు.

ఇగ అసలు సంగతికి, సంతకాలకు వద్దాం. అధికార పరిమితుల కాగితం అని ఒకటి తయారు చేసుకోవాలె. అంకెలు మీ సంస్థ సైజును బట్టి మారతయి, ఏడాదికి కోటి లోపు ఖర్చు పెట్టే సంస్థకు ఇట్ల ఉండొచ్చు. సెంటర్ ఇన్‌ఛార్జి ఒక్కో ఖర్చుకు 3,000 దాంక, ఎవరినీ అడగకుండ. ఏరియా కో-ఆర్డినేటరు 15,000 దాంక. డైరెక్టరు 75,000 దాంక, బడ్జెట్‌లో ఉన్న పద్దు అయితేనే. ఆ పైన, లేకుంటే బడ్జెట్‌లో లేనిది ఎంత చిన్నదైనా, కోశాధికారితోని కలిపి. రెండు లక్షలు దాటితే కార్యవర్గం. మోటరు కాలిన సెంటరును మల్ల తలుచుకోండి. మరమ్మతుల పద్దుకు వేరేగ 5,000 అని పెట్టినమనుకో, అదే రోజు సాయంత్రం రివైండింగు షాపుకు పోతది మోటరు.

పరిమితి ఇచ్చి పైసలు ఇవ్వకుంటే? అది ఇవ్వనట్టే. అందుకే సెంటర్ దగ్గర ఇంప్రెస్ట్, అంటే చిల్లర ఖర్చులకు ముందే ఇచ్చి పెట్టే సొమ్ము, ఉండాలె, 10,000 అనుకుందాం. 6,000 ఖర్చు కాంగనే వోచర్లు పంపితే అంతే మొత్తం మల్ల ఖాతాలో పడాలె. మొత్తం ఒడిసేదాంక ఆగితే మల్ల పాత కథే. ఎప్పుడు లెక్కపెట్టినా చేతిలో ఉన్న నగదు, వోచర్లు, రావాల్సినవి కలిపితే 10,000 రావాలె. లెక్కపెట్టేది ఎవరు? ఇన్‌ఛార్జి కాదు. నెలకు ఒక్కసారి, చెప్పకుండ పోయి, వేరే సెంటర్ మనిషి. పది నిమిషాల పని. భయానికి వేరే జవాబు అన్న కదా, అది ఇది. ముందే సంతకం అడిగి ఆపడం కాదు, తర్వాత పోయి చూడటం.

ఇంకొక కట్టుబాటు. కావాలని అడిగినోళ్లు, సరుకు అందిందని రాసినోళ్లు, పైసలు ఇచ్చినోళ్లు, ఈ ముగ్గురూ ఒక్క మనిషి కావొద్దు. చిన్న సెంటర్లో ఇద్దరే ఉంటరు, ముగ్గురిని ఎక్కడి నుంచి తేవాలె? సరుకు అందిందని తల్లుల కమిటీలో ఒకరితోని సంతకం పెట్టించండి. వాళ్లు బియ్యం బస్తా తూకం చూసి మరీ పెడతరు, మనకన్న మంచిగ.

ఏం తప్పులు జరుగుతయి? బిల్లును ముక్కలు చేస్తరు. 3,000 పరిమితి ఉన్నది కాబట్టి 5,800 బిల్లును రెండు 2,900లు చేస్తరు. ఒకటే షాపు, వరుస నంబర్లు, ఒకటే తారీకు. అకౌంటెంటు దీన్ని దొంగతనంగ చూడకముందు పరిమితి చిన్నగ ఉన్నదేమో చూడాలె. నెలలో నాలుగైదు సార్లు అట్ల జరిగితే పరిమితే తప్పు. ఇంకొకటి, కో-ఆర్డినేటరుకు అధికారం ఇస్తరు, ఆయన సంతకం పెట్టిన ప్రతిదాన్ని నెలాఖరుకు ఎందుకు, ఎందుకు అని నిలదీస్తరు. మూడో నెల నుంచి ఆయన సంతకం పెట్టడు. సార్, మీరే చెప్పండి అని పైకి తోస్తడు. కాగితం మీద అధికారం కిందున్నది, నిజంగ మల్ల పైకి పోయింది. పరిమితి లోపల ఉన్న ఖర్చు మీద ప్రశ్న ఉంటే మూడు నెలలకు ఒకసారి, అన్నీ కలిపి, కూసొని మాట్లాడండి. రోజూ ఫోన్లు చేయొద్దు.

అకౌంటెంట్లు ఉన్నరు కాబట్టి ఇది కూడ. ఒక మనిషికి ఒక్క రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో అది సంస్థ లక్ష్యాల మీద పెట్టిన ఖర్చు కిందికి రాదు. ఆదాయంలో 85 వంతులు లక్ష్యాల మీద పెట్టాలె కదా, ఆ లెక్కలో ఇది కోత పడతది. కింద పరిమితులు పెంచేటప్పుడు ఈ మాట సెంటర్లోళ్లకు చెప్పి పెంచండి. ఆఫీసుకు తెల్సి సెంటరుకు తెల్వకుంటే సంవత్సరం చివర ఏం చేసినా మారదు.

చెక్కు మీద ఇద్దరి సంతకం అనేది మనకు పంచాయతీల్లో తెలిసిందే. సర్పంచ్, ఉప సర్పంచ్ జాయింట్ చెక్ పవర్. ఇద్దరికీ పడకుంటే ఊర్లో ఏమైతదో చూస్తనే ఉన్నం. అందుకే సంస్థ ఖాతాకు ముగ్గురిని పెట్టి, ఎవరైనా ఇద్దరు అని రాయించండి. ఆ ముగ్గురిలో ఇద్దరు ఒకటే ఇంటోళ్లు కావొద్దు. ఆన్‌లైన్ చెల్లింపుల్లో కూడ అంతే, పెట్టేది ఒకరు, ఆమోదించేది ఒకరు. రెండు పాస్‌వర్డులు అకౌంటెంటు డ్రాయర్లో ఉంటే మాత్రం అది ఒక్క సంతకమే.

ఇప్పుడు పైకి పోదాం. కార్యవర్గం. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిందే మనకు నడుస్తున్నది, ఏడుగురు ఉంటే సంఘం రిజిస్టరు అయితది. అంతకు ముందువి నిజాం కాలం నాటి 1350 ఫస్లీ చట్టం కింద అయినయి. ఆ పాత సంఘాలోళ్లు బైలాలు ఒకసారి తీసి చదవండి. రిజిస్టరు చేసేటప్పుడు ఏడుగురు ఎక్కడి నుంచి వచ్చిన్రు? ఇంట్లోళ్లు, దోస్తులు. మొదట్లో తప్పు లేదు, నమ్మకంతోనే మొదలైతది ఏ పనైనా. ఇరవై ఏండ్లకు కూడ వాళ్లే ఉండి, మినిట్స్ బుక్కు ఇంటికి పంపితే సంతకాలు పెడుతున్నరంటే, అది కార్యవర్గం కాదు.

ఏం చేయాలె? తొమ్మిది మంది. పదవీ కాలం మూడేండ్లు. ఏటా ముగ్గురు దిగాలె, ముగ్గురు రావాలె. అందరూ ఒకేసారి దిగితే పాత సంగతులు తెలిసినోళ్లు ఉండరు, ఎవ్వరూ దిగకుంటే కొత్త గాలి రాదు. మొదటిసారి ఎవరు ముందు దిగాలో చిట్టీలు వేసి తేల్చుకోండి. వరుసగ రెండు సార్లే, తర్వాత కనీసం ఏడాది విరామం. ఒకే కుటుంబం నుంచి ఒక్కరే. ఇగ ఒక చిక్కు. మన సంస్థల్లో కార్యదర్శే జీతం తీసుకుంట డైరెక్టరుగ పనిచేస్తడు. తన పనిని తనే పర్యవేక్షించుకోవాల్సి వస్తది, తన జీతం మీద తనే ఓటు వేయాల్సి వస్తది. ఈ రెండు కుర్చీలు విడదీయండి. కార్యదర్శి ఎన్నికైనోళ్లు, జీతం లేదు. డైరెక్టరు కార్యవర్గం నియమించినోళ్లు, జీతం ఉన్నది, మీటింగులో కూసుంటరు, మాట్లాడతరు, ఓటు ఉండదు. జీతం ఎంతనేది ఆయన బయట కూసున్నప్పుడు తేల్చాలె. ఆ సైజు సంస్థల్లో అటువంటి పనికి ఎంత ఇస్తున్నరో నాలుగైదు లెక్కలు మినిట్స్‌లో రాసి పెట్టాలె. సంస్థ నడిపేవాళ్లకు, వాళ్ల బంధువులకు తగిన దానికన్న ఎక్కువ ముట్టిందంటే పన్ను మినహాయింపుకే దెబ్బ.

ఊరి మహిళలను కార్యవర్గంలోకి తీసుకుంటం, ఫొటో దిగుతం, తర్వాత మీటింగులో వాళ్లు మాట్లాడరు. ఎందుకు మాట్లాడరు? లెక్కల కాగితాలు ఇంగ్లీషులో ఉంటయి. మీటింగు పొద్దున పదింటికి హెడ్డాఫీసులో ఉంటది, దేవరకొండ అవతల తండా నుంచి రావాలంటే నాలుగింటికి లేవాలె. ఆ రోజు కూలి పోతది. చార్జీలు, కూలి ముందే ఇవ్వండి. ఏడాదికి నాలుగు మీటింగుల్లో రెండు ఊర్ల దగ్గర పెట్టండి. కాగితాలు తెలుగులో, పది రోజుల ముందు. ఎన్ని కాగితాలు? నాలుగు చాలు. బడ్జెట్‌లో ఇంత అనుకున్నం, ఇంత అయింది. బ్యాంకు పుస్తకానికి మన పుస్తకానికి తేడా. 30 రోజులు దాటినా తిరిగి రాని అడ్వాన్సులు, పేర్లతోని. ప్రభుత్వానికి పంపాల్సినవి, వాటి గడువులు. విదేశీ నిధుల వార్షిక లెక్క డిసెంబరు 31 లోపల, దాతల వివరాలు మే 31 లోపల, ఇట్ల. అంకెలు చదివి వినిపించండి. అడ్వాన్సుల పట్టీ చదివినప్పుడు ఊరి ఆడోళ్లు అడిగినట్టు ఎవ్వరూ అడగరు. పొదుపు సంఘంలో ఇరవై ఏండ్లు వసూలు చేసిన చేతులవి.

బైలాలు మార్చే వరుస చెప్త, రాసుకోండి, ఎందుకంటె వరుస తప్పితే జీతాలు ఆగుతయి. ముందు కార్యవర్గంలో ముసాయిదా. తర్వాత సర్వసభ్య సమావేశానికి నోటీసు, మార్చే వాక్యం పాతది ఒక దిక్కు, కొత్తది ఒక దిక్కు వేసి. చట్టం, మీ బైలాలు చెప్పినంత మెజారిటీతోని ప్రత్యేక తీర్మానం. తర్వాత జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేసి ధ్రువీకరించిన నకలు తీసుకోవాలె. ఆ నకలు చేతికి వచ్చినంకనే బ్యాంకుకు పోవాలె. విదేశీ నిధుల ఖాతా ఢిల్లీలో, స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉంటది కాబట్టి అక్కడ సంతకాల మార్పు ఆలస్యం అయితది. కొత్త సంతకాలు ఎక్కినట్టు బ్యాంకు రాసిచ్చేదాంక పాతోళ్లు సంతకందారులుగనే ఉంటరని అదే తీర్మానంలో రాయండి. ఈ ఒక్క వాక్యం మర్చిపోయి రెండు మూడు నెలలు జీతాలు లేక కూసున్న జట్లు ఉన్నయి. ఆఫీస్ బేరర్లు మారినట్టు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ నిధుల చట్టం పోర్టల్లో, స్వచ్ఛంద సంస్థల వివరాలు ఉండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో కూడ ఎక్కించాలె.

సంస్థ లక్ష్యాల వాక్యాన్ని మాత్రం ఊరికే ముట్టుకోవద్దు. లక్ష్యాలు మారితే 30 రోజుల్లో ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్ కోసం మల్ల దరఖాస్తు పెట్టాలె. నిర్మాణం మార్చనీకి లక్ష్యాలు మార్చే పని లేదు. కొంతమంది సొసైటీ వద్దు, 8వ సెక్షన్ కంపెనీ, అంటే కంపెనీల చట్టం కింద లాభం కోసం కాని కంపెనీ, పెడదాం అంటరు. పెట్టొచ్చు. కాని పాత సంస్థకు ఉన్న పన్ను మినహాయింపు, విదేశీ నిధుల అనుమతి కొత్త దానికి వాటంతట అవి రావు. సున్నా నుంచి మొదలు. సర్వసభ్యుల గొడవ తప్పించుకుందామని కంపెనీ పెట్టేవాళ్లకు ఒకటే చెప్త. గొడవ సభ్యత్వ నియమాల్లో ఉన్నది, వాటిని సరిచేయండి. కొత్త సభ్యులకు ఏడాది నిండినంకనే ఓటు అని పెడితే ఎన్నికల ముందు యాభై మందిని చేర్పించే పని ఆగుతది.

పెద్ద సంస్థ కింద చిన్న సంఘాలతోని నడిచే నిర్మాణం ఒకప్పుడు మన దగ్గర చాలా ఉండె. పెద్ద సంస్థకు విదేశీ నిధులు వస్తయి, మండలాల్లో ఉన్న ఐదారు చిన్న సంఘాలకు పంచుతది. విదేశీ నిధుల చట్టానికి 2020లో వచ్చిన సవరణతోని ఆ పంచడం బంద్ అయింది. ఆఫీసు ఖర్చుల పరిమితి కూడ 50 వంతుల నుంచి 20 వంతులకు దిగింది. అప్పటి నుంచి చిన్న సంఘాల మనుషులను పెద్ద సంస్థ తన సిబ్బందిగ చేసుకున్నది, ఆ సంఘాలు పేరుకే మిగిలినయి. ఇది బాధ కలిగించే సంగతి, ఎందుకంటె ఊరికి దగ్గరగ నిర్ణయం తీసుకునే గుంపులు అవే. వాటిని బతికించుకోవాలంటే స్థానిక చందాలు, కంపెనీలు సమాజం కోసం ఇచ్చే సీఎస్ఆర్ నిధులు నేరుగా వాటికే వచ్చేటట్టు చూడాలె. అంటే ప్రతి దానికి దాని పాన్, దాని ఆడిటు, సీఎస్ఆర్ నిధులు తీసుకునేటందుకు దాని సీఎస్ఆర్-1 నంబరు. పెద్ద సంస్థ చేయాల్సింది ఆ అయిదు సంఘాలకు కలిపి ఒక అకౌంటెంటును పెట్టించడం. పొదుపు సంఘాలకైతే ఆ దారి 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టంలో ఎప్పుడో ఉన్నది. వాళ్ల సొమ్ము, వాళ్ల సంతకం.

సిబ్బంది మాట. మార్పు అంటే ఉద్యోగాలు పోతయేమో అని గుండెల్లో రాయి పడతది. దాచిపెట్టొద్దు. ఎవరి పోస్టు పోతదో వాళ్లకు మొదట, ఒంటరిగ, కాగితంతోని చెప్పాలె, ఆ తర్వాతే మిగతా అందరికీ. బాకీలు లెక్క కట్టి చూపాలె. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల జీతం, నెల జీతాన్ని 26తోని భాగించి. అది నెలనెలా పక్కకు పెడితే మూల జీతంలో ఇంచుమించు 4.81 వంతులు. పెట్టకుంటే పదిహేనేండ్లు పనిచేసిన ముగ్గురు ఒకేసారి దిగేటప్పుడు ఎక్కడి నుంచి తెస్తరు? పది మంది, అంతకన్న ఎక్కువ పనిచేసే సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలె, బయటి మనిషి ఒకరితోని. గౌరవ వేతనం మీద పనిచేసే ఊరి కార్యకర్త కూడ ఆ చట్టం కిందికి వస్తది. ఆ కమిటీ ఫోను నంబరు హెడ్డాఫీసు గోడ మీద ఉంటే సరిపోదు, సెంటర్ గోడ మీద ఉండాలె.

ఆఖరు సంగతి, సంస్థ పెట్టినోళ్లు దిగిపోవడం. ఏడాదిన్నర పెట్టుకోండి. మొదటి ఆరు నెలలు అసలు కాగితాల పట్టీ: రిజిస్ట్రేషన్, పాన్, డిపాజిట్లు, బండి ఆర్సీ, భూమి. భూమి, బిల్డింగు చాలా చోట్ల సారు పేరు మీదనే ఉంటయి, అప్పుడు తొందరగ కొనాలని అట్ల కొన్నరు. సారు ఆరోగ్యంగ ఉన్నప్పుడే సంస్థ పేరు మీద దాన దస్తావేజు రిజిస్టరు కావాలె. తర్వాతైతే వారసులందరి సంతకాలు కావాలె. రెండో ఆరు నెలలు, కొత్త డైరెక్టరు సంతకం పెడతరు, సారు పక్కన ఉంటరు. మూడో ఆరు నెలలు, సారు ఆఫీసుకు రారు. సిబ్బంది ఇంటికి పోయి అడుగుతరు, తప్పకుండ అడుగుతరు. కొత్త మేడంను అడగండి అని సారు అనాలె. ఆ మాట ఆయన ఎన్నిసార్లు అంటే అంత తొందరగ సంతకం కొత్త చేతికి పోతది.

ఇంకొక్కటి, ఎవ్వరూ పట్టించుకోరు. ఆదాయపు పన్ను పోర్టల్, ఎఫ్‌సీఆర్ఏ, పీఎఫ్, దర్పణ్, బ్యాంకు, వీటన్నిటి ఓటీపీ ఏ ఫోనుకు వస్తది? ఇప్పుడే, ఇక్కడే, మీ అకౌంటెంటును అడగండి. పోర్టల్ పేరు, నంబరు, ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉన్నది, ఇట్ల మూడు గడులు గీసి భోజనం లోపల నింపండి. సంస్థ పేరు మీద రెండు సిమ్ములు తీసుకొని ఒక్కో పోర్టల్ మార్చుకుంట రావాలె. ఆధార్‌తోని ముడిపడ్డవి మాత్రం మనిషి మారినప్పుడే మారతయి, వాటిని ఎర్ర సిరాతోని రాయండి.

ఇగ ప్రశ్నలకు పోదాం. వెనక వరుసలో కల్వకుర్తి నుంచి వచ్చిన అక్క ఎప్పటిసంది చెయ్యి ఎత్తుతున్నది, ముందు ఆమెకు మైకు ఇవ్వండి.